20 డాలర్ల నోటు మీద గుర్రం దొంగ ఏంటండీ?

పారమట్టా_పప్పుచారు
మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. స్కూల్లో ఆస్ట్రేలియా నోట్ల మీద బొమ్మల్లో ఉన్న మనుషుల గురించి రాసుకురమ్మన్నారు. తలా ఒక నోటు పంచితే దీని వాటాకి 20 డాలర్లది వచ్చింది. దాని మీద మేరీ రీబీ అని ఒక పెద్దావిడ, కళ్ళద్దాలు, తల మీద లేసు టోపీ. అచ్చం మా ఊరి ఎలిమెంటరీ స్కూల్ హెడ్మిస్ట్రెస్‌లా ఉంది. ఏ టీచరమ్మో డాక్టరమ్మో అయ్యుంటుందని చదవబోతే, గుర్రం దొంగతనం కేసులో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కించి ఇక్కడికి తోలిన ఖైదీ అట!
"నాన్నా, దొంగతనం చేస్తే జైల్లో వేస్తారన్నావు. మరి ఈవిణ్ణి నోటు మీద ఎందుకు వేశారు?" అని అమ్మాయి అడిగింది. రెండు రోజులైంది, నా దగ్గర జవాబు లేదు. గాంధీగారి బొమ్మ చూస్తూ పెరిగినవాణ్ణి, నాకే మింగుడు పడట్లేదు. శుక్రవారం లోపు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

తెనాలి_బుల్లోడు
మన దగ్గర దొంగలు నోట్ల మీద ఉండరు, నోట్లే దొంగల దగ్గర ఉంటాయి. అంతే తేడా.

సూరిబాబు62
పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? దొంగ దొంగే. తర్వాత డబ్బు సంపాదించింది కాబట్టి పెద్దమనిషి అయిపోయింది. ఇది ఆస్ట్రేలియాలోనే కాదు, అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే.

పాతకాగితాలు
సూరిబాబుగారూ, ముందు ఆ దొంగ వయసెంతో తెలుసుకుని మాట్లాడదాం.
1777లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, బరీ అనే ఊళ్ళో పుట్టింది. అసలు పేరు మేరీ హేడాక్. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అమ్మమ్మగారింట్లో పెరిగింది. ఇంట్లోంచి పారిపోయి, మగపిల్లాడిలా బట్టలు వేసుకుని, జేమ్స్ బరో అని పేరు చెప్పుకుని తిరుగుతూ గుర్రంతో సహా దొరికిపోయింది. స్టాఫర్డ్ కోర్టులో ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేశారు. అప్పటికి పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల. ముందు ఆడపిల్లని కూడా కనిపెట్టలేదు, అసలు సంగతి తర్వాత బయటపడింది.
రాయల్ అడ్మిరల్ అనే ఓడలో నాలుగు నెలలకు పైగా ప్రయాణం చేసి 1792 అక్టోబర్‌లో సిడ్నీలో దిగింది. పదిహేనేళ్ళు. మన పిల్లలు టెన్త్ పరీక్షలకి టెన్షన్ పడే వయసు.

గోదారిగట్టు_గౌరి
పదమూడేళ్ళ పిల్లని, ఒక్క గుర్రం కోసం, భూమికి అటు చివరికా? మా తమ్ముడు ఆ వయసులో ఎదురింటివాళ్ళ టీవీఎస్ మోపెడ్ చెప్పకుండా వేసుకుని రావులపాలెం దాకా వెళ్ళొచ్చాడు. రెండు చెంపదెబ్బలతో అయిపోయింది కేసు.

తెనాలి_బుల్లోడు
ఆ లెక్కన మీ తమ్ముడి బొమ్మ ఈపాటికి ఏదో ఒక నోటు మీద ఉండాల్సింది.

ప్లీడర్_గుమస్తా
గౌరిగారూ, ఆ కాలం చట్టాల ప్రకారం చూస్తే ఈ పిల్లది అదృష్టమే. అప్పట్లో ఇంగ్లండ్‌లో సుమారు రెండు వందల నేరాలకు ఉరిశిక్ష ఉండేది. గుర్రం దొంగతనం అందులో ఒకటి. అందరినీ ఉరి తీస్తే జనం ఊరుకోరు, వదిలేస్తే ఆస్తులున్నవాళ్ళు ఊరుకోరు. మధ్యేమార్గంగా దొరికింది ఈ ద్వీపాంతరం. ఏడేళ్ళు, పద్నాలుగేళ్ళు, యావజ్జీవం, మామూలుగా ఈ మూడు కొలతలే.
ముందు అమెరికాకి పంపేవాళ్ళు. అమెరికావాళ్ళు స్వాతంత్ర్యం అని తిరగబడేసరికి ఆ దారి మూసుకుపోయింది. జైళ్ళు నిండిపోయి, 1776 నుంచి థేమ్స్ నదిలో పాత ఓడలు కట్టేసి వాటిల్లో ఖైదీల్ని కుక్కారు. అవీ చాలక 1787లో 11 ఓడల్లో మొదటి జట్టుని ఆస్ట్రేలియాకి బయలుదేరదీశారు. 1788 జనవరి 26న సిడ్నీ రేవులో జెండా పాతారు. మనకి రిపబ్లిక్ డే, వాళ్ళకి ఆస్ట్రేలియా డే, రెండూ ఒకే రోజు రావడం కాకతాళీయం. 1868లో ఆఖరి ఓడ వచ్చేదాకా మొత్తం లక్షా అరవై వేల మందికి పైగా వచ్చారు. అందులో ఆడవాళ్ళు పాతిక వేల మంది దాకా.

సూరిబాబు62
ఉరి తప్పిందని సంతోషించమంటారు, బాగుంది. నేను చట్టం మంచిదనలేదండీ. దొంగని నోటు మీద వేయడం ఏంటన్నాను. అది వేరు, ఇది వేరు.

మెల్బోర్న్_మల్లిక
నోటు సంగతి తర్వాత, ముందు ఆ పిల్ల రాసిన ఉత్తరం గురించి చెప్పాలి. సిడ్నీలో స్టేట్ లైబ్రరీవాళ్ళ దగ్గర ఉంది. ఓడ దిగకముందే ఇంగ్లండ్‌లో ఉన్న పిన్నికి రాసింది. స్పెల్లింగులన్నీ తప్పులే. ఇక్కడివాళ్ళేమో నీది జన్మఖైదు అంటున్నారు, గవర్నరేమో ఏడేళ్ళే అన్నాడు, తలుచుకుంటే బెంగగా ఉంది అని రాస్తుంది. తన శిక్ష ఎంతో తనకే సరిగ్గా తెలియదు పాపం! చివరికి రెండు మూడేళ్ళలో ఎలాగోలా ఇక్కడి నుంచి బయటపడతానంటుంది.

అర్ధరాత్రి_ఆవకాయ
"రెండు మూడేళ్ళలో వచ్చేస్తా." 2009లో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మా అమ్మతో నేను చెప్పిన మాట కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే.

పారమట్టా_పప్పుచారు
ఆవకాయ అన్నా, నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

నీలిమ_నిజామాబాద్
పోలిక బాగుంది కానీ మనం మన డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చినోళ్ళం. ఖైదీలకి రావడం ఫ్రీ, పోవడానికి మాత్రం సొంత ఖర్చు. శిక్ష అయిపోయాక ఇంటికి పోవాలంటే ప్రభుత్వం పైసా ఇచ్చేది కాదు. మగాళ్ళయితే ఏ ఓడలోనో కూలి పని చేస్తూ పోయేవాళ్ళు. ఆడవాళ్ళకి ఆ దారి కూడా లేదు. అందుకే ఏడేళ్ళ శిక్ష అంటే చాలామందికి నిజానికి జన్మంతా.

పాతకాగితాలు
నీలిమగారు చెప్పింది అసలు పాయింట్. ఇంకొకటి, ఇక్కడ ఖైదీ అంటే గోడల మధ్య ఉండేవాడు కాదు. పారిపోతే ఎక్కడికి పోతాడు? చుట్టూ సముద్రం, అడవి. అందుకని పనికి కేటాయించేవాళ్ళు. రైతులకి, అధికారులకి, ప్రభుత్వం వేసే రోడ్లకి జీతం లేని కూలీలు. బుద్ధిగా ఉంటే టికెట్ ఆఫ్ లీవ్ ఇచ్చేవారు, అంటే శిక్ష ఉంటుంది కానీ తన పని తను చేసుకుని సంపాదించుకోవచ్చు. ఆపైన షరతులతో క్షమాభిక్ష, ఇంకా పైన పూర్తి క్షమాభిక్ష. ఎదురు తిరిగితే కొరడా. తొమ్మిది తోకల కొరడాతో యాభై, వంద దెబ్బలు సర్వసాధారణం. అప్పటికీ లొంగకపోతే నార్ఫోక్ దీవి లాంటి చోటికి, శిక్షలోనే ఇంకో శిక్ష.
మేరీకి మేజర్ గ్రోస్ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని దొరికింది. 1794లో, పదిహేడేళ్ళకి, థామస్ రీబీ అనే ఓడ ఉద్యోగిని పెళ్ళి చేసుకుంది. అతను ఖైదీ కాదు, ఈస్టిండియా కంపెనీలో పని చేసి వచ్చినవాడు. హాక్స్‌బరీ నది ఒడ్డున పొలం, తర్వాత నది మీద పడవల్లో ధాన్యం రవాణా, తర్వాత సొంత ఓడలు. సిడ్నీలో కట్టిన ఇంటికి ఏం పేరు పెట్టారనుకున్నారు? ఎంటాలీ హౌస్. కలకత్తాలో ఎంటాలీ పేట ఉంది కదా, అదే!

కలకత్తా_కాపురం
మేముండేది ఎంటాలీకి రెండు స్టాపుల అవతల. రేపటి నుంచి ఆ బస్సు ఎక్కినప్పుడల్లా ఈ గుర్రం అమ్మాయే గుర్తొస్తుంది.

పాతకాగితాలు
కలకత్తా సంబంధం ఇంకా ఉంది, వినండి. మేరీ రావడానికి రెండేళ్ళ ముందు, 1790లో, సిడ్నీలో కరువు. గిడ్డంగిలో ఉన్న పాత బియ్యం పురుగు పట్టి, గింజ గింజా కదిలేదని అక్కడున్న ఒక సైనికాధికారి రాశాడు. గవర్నర్ ఇంట్లో విందుకి పిలిస్తే ఎవరి రొట్టె వాళ్ళే తెచ్చుకోవాలి. చివరికి అట్లాంటిక్ అనే ఓడని కలకత్తా పంపారు. అది 1792 జూన్‌లో తిరిగొచ్చింది. అందులో ఏమున్నాయంటే బియ్యం, పప్పు, సూజీ.

పారమట్టా_పప్పుచారు
ఆగండాగండి. ఇంగ్లండ్ దొంగలు సిడ్నీలో కందిపప్పు తిన్నారా?!

గోదారిగట్టు_గౌరి
సూజీ అంటే బొంబాయి రవ్వే కదా. అంటే ఆస్ట్రేలియాలో ఉప్మా మొదలుపెట్టింది మనవాళ్ళు కాదన్నమాట. శిక్షలో భాగంగా వచ్చింది.

తెనాలి_బుల్లోడు
ఉప్మా శిక్షేనని నేను చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నా, మా ఇంట్లో ఒక్కరూ వినలేదు.

సూరిబాబు62
చర్చ టిఫిన్ల మీదకి పోయింది. పొలం, పడవలు, ఓడలు అంటున్నారు. ఖైదీ పిల్లకి అంత ఆస్తి ఎలా వచ్చింది? మొగుడి వల్ల వచ్చింది. అది చెప్పరేం?

మెల్బోర్న్_మల్లిక
బాబాయ్‌గారూ, చెబుతాం. మొగుడు వ్యాపారం మీద ఇండియా వెళ్ళి, ఆరోగ్యం పాడై వచ్చి 1811 ఏప్రిల్‌లో పోయాడు. వ్యాపారంలో భాగస్వామి కూడా ఆ తర్వాతి నెలలోనే పోయాడు. ఆవిడకి 34 ఏళ్ళు, ఏడుగురు పిల్లలు. ఓడలు, గిడ్డంగులు, పొలాలు, బాకీలు, అన్నీ ఒక్కతే చూసుకుంది. 1816 నాటికి ఆస్తి 20,000 పౌండ్లని లెక్కగట్టారు. 1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ పెట్టినప్పుడు దానికి దొరికిన మొదటి చోటు మక్వారీ ప్లేస్‌లో ఆవిడ అద్దెకిచ్చిన ఇల్లే. ఇప్పుడు మనం జీతాలు వేసుకునే వెస్ట్‌పాక్ ఆ బ్యాంకే. మొగుడు పోయాకే కదా పెరిగింది అంతా?

ప్లీడర్_గుమస్తా
ఆ బ్యాంకుదీ ఒక కథ ఉంది. 1821లో చూసుకుంటే పెద్ద క్యాషియరే బ్యాంకు సొమ్ము కాజేశాడు. దొంగ ఇల్లు అద్దెకిచ్చి సరిగ్గా ఉంది, తాళాలు పట్టుకున్నవాడు దొంగయ్యాడు.
ఇంకోటి. అదే 1817 మే నెలలో మేరీ రీబీ మీద కోర్టులో నేరం రుజువైంది. ఏం నేరమంటే బాకీ ఎగ్గొట్టినవాణ్ణి కొట్టింది.

తెనాలి_బుల్లోడు
ఈవిడ మా గుంటూరు మనిషే అయ్యుండాలి. పక్కా.

గోదారిగట్టు_గౌరి
గుంటూరే ఎందుకు, మా మేనత్త చిట్‌ఫండ్ నడిపేది. బాకీ ఉన్నవాళ్ళు ఆవిణ్ణి చూసి వీధి మార్చేసేవాళ్ళు.

సూరిబాబు62
సరే, గట్టి మనిషే. ఒప్పుకుంటున్నా. కానీ డబ్బు చేసుకుంది కాబట్టే నోటు మీద ఉందని నేను మొదటి నుంచీ అంటున్నది నిజమా కాదా? కొరడా దెబ్బలు తిని చచ్చినవాడి బొమ్మ వేయలేదుగా?

నీలిమ_నిజామాబాద్
ఈ ఒక్క విషయంలో నేను సూరిబాబుగారి పక్క. మేరీ లాంటోళ్ళు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆమెకంటే రెండేళ్ళ ముందు, 1790లో వచ్చిన రెండో జట్టు ఓడల సంగతి చూడండి. కాంట్రాక్టర్లకి ఎక్కించిన తల లెక్కన డబ్బులు, బతికి దిగినోళ్ళ లెక్కన కాదు. ఆ కాంట్రాక్టర్లు అంతకుముందు బానిసల వ్యాపారం చేసినోళ్ళు. సంకెళ్ళేసి అడుగు అంతస్తులో పడేసి తిండి పెట్టలేదు. నాలుగో వంతు మంది దారిలోనే చచ్చిపోయారు. దిగినోళ్ళల్లో చాలామంది నడవలేక పాకుకుంటూ ఒడ్డుకి చేరారు. వాళ్ళ పేర్లు ఏ నోటు మీదా లేవు.
పప్పుచారుగారూ, మీ పారమట్టాలోనే ఆడ ఖైదీల ఫ్యాక్టరీ ఉండేది. నది పక్కన కట్టడాలు ఇంకా ఉన్నయి, వీకెండ్ పోయి చూడండి. పనికి కేటాయింపు దొరకని ఆడవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, తప్పు చేసి వెనక్కి పంపించినోళ్ళు అందులో. నూలు వడకాలి, బట్ట నేయాలి. శిక్షగా జుట్టు గొరిగించేవాళ్ళు. 1827లో తిండి తగ్గించారని వాళ్ళు తిరగబడ్డారు. తలుపులు బద్దలు కొట్టి బయటపడి, ఊళ్ళో రొట్టెల కొట్ల మీద పడి దొరికినంత తీసుకున్నారు. నన్నడిగితే నోటు మీద వాళ్ళని వేయాలె.

పారమట్టా_పప్పుచారు
ఆరేళ్ళుగా ఆ రోడ్డు మీదుగానే ట్రైన్‌కి వెళుతున్నాను. అది ఏదో పాత ఆసుపత్రి అనుకున్నా.

కృష్ణ_బ్రిస్బేన్
అందరూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. హాక్స్‌బరీ ఒడ్డున పొలం ఇచ్చారన్నారు కదా, అది ఎవరి పొలం? అక్కడి ఆదివాసులు, ధారుగ్ ప్రజలది. ఆ నది ఒడ్డున పెరిగే దుంపలే వాళ్ళకి ఆహారం. ఖైదీలు, మాజీ ఖైదీలు ఆ గట్లు దున్ని మొక్కజొన్న వేశారు. ధారుగ్ వాళ్ళు కోసుకోవడానికి వస్తే దొంగలని కాల్చారు. అంతకుముందే, 1789లో, మశూచి వచ్చి సిడ్నీ చుట్టుపక్కల వాళ్ళు కుప్పలుగా పోయారు. గుర్రం దొంగతనం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, నేల సంగతేంటి? మీ అమ్మాయి ప్రాజెక్టులో ఒక్క ముక్కైనా ఇది రాయించండి.

సూరిబాబు62
కృష్ణగారు చెప్పింది నిజం. దీనికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అర్ధరాత్రి_ఆవకాయ
ఈ థ్రెడ్‌లో సూరిబాబుగారు రెండుసార్లు ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా.

పాతకాగితాలు
నోటు మీద నేరస్తులంటే ఈవిడ మొదటిది కాదు. 1966లో డాలర్లు మొదలైనప్పుడు 10 డాలర్ల నోటు మీద ఫ్రాన్సిస్ గ్రీన్‌వే ఉండేవాడు. బ్రిస్టల్‌లో ఆర్కిటెక్ట్, దొంగ పత్రం సృష్టించి దొరికాడు. ముందు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని 14 ఏళ్ళ ద్వీపాంతరంగా తగ్గించారు. 1814లో ఇక్కడ దిగాడు. దొంగ పత్రాలు చేసినవాడి బొమ్మ కరెన్సీ మీద! 1993 దాకా నడిచింది. సిడ్నీలో మక్వారీ లైట్‌హౌస్, హైడ్ పార్క్ బారక్స్ అతని ప్లానులే. నీలిమగారు చెప్పిన ఫ్యాక్టరీ కూడా అతనిదే. ఖైదీలుండే కొట్టానికి ఖైదీ చేతే ప్లాను గీయించారు.

మెల్బోర్న్_మల్లిక
హైడ్ పార్క్ బారక్స్‌కి మా అత్తగారిని తీసుకెళ్ళాను, భీమవరం నుంచి వచ్చినప్పుడు. ఇప్పుడది మ్యూజియం. పైఅంతస్తులో వరసగా కాన్వాస్ గుడ్డ ఉయ్యాలలు కట్టి ఉంటాయి, ఖైదీలు వాటిల్లోనే పడుకునేవాళ్ళు. ఆవిడ ఒకదాంట్లో ఎక్కి కూర్చుని "వెన్నునొప్పికి బానే ఉందే" అంది. ఆ నేల చెక్కల కింద ఎలుకలు గూళ్ళు కట్టుకోవడానికి లాక్కెళ్ళిన గుడ్డముక్కల వల్లే ఖైదీల బట్టలు ఇన్నాళ్ళు మిగిలాయని చెబితే మాత్రం ఉయ్యాల దిగి, ఇంక ఎక్కలేదు.

సూరిబాబు62
ఒక మాట చెప్పాలనిపించింది. మా తాతగారి చిన్నప్పుడు మా ఊరి నుంచి ఒకాయన్ని ఖూనీ కేసులో అండమాన్ పంపారట. తిరిగి రాలేదు. ఆ ఇంటిని నా చిన్నతనం దాకా అండమానోళ్ళ ఇల్లు అనే అనేవాళ్ళు. మనవరాలికి రెండు సంబంధాలు ఆ పేరు వల్లే తప్పిపోయాయి. చివరికి వాళ్ళు ఊరొదిలి, ఎటు పోయారో ఎవరికీ చెప్పలేదు. ఈ దేశంలో నోటు మీద వేస్తుంటే నాకు కోపం వచ్చింది అందుకేనేమో, మొన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను.

నీలిమ_నిజామాబాద్
సూరిబాబుగారూ, ఇక్కడా అంతే ఉండేది. తాత ఖైదీ అని చెప్పుకోవడానికి సిగ్గుపడి రెండు మూడు తరాలు దాచారు. మా ఆఫీసులో ఒకాయన ఇప్పుడు మొదటి జట్టు ఓడలో వచ్చిన ముత్తాతల తాత కోర్టు కాగితం ఫ్రేమ్ కట్టించి డెస్క్ మీద పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్నమ్మకి మాత్రం ఆ ఊసెత్తితే కోపమొచ్చేదట.

పాతకాగితాలు
మేరీ కూడా దాచిపెట్టింది! 1820లో కూతుళ్ళిద్దర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి సొంత ఊరు చూసొచ్చింది. మగపిల్లాడి బట్టల్లో పట్టుబడిన మనిషి సొంత డబ్బుతో, దొరసానిలా. 1821లో తిరిగొచ్చింది. 1828 జనాభా లెక్కల్లో నువ్వెలా వచ్చావని అడిగితే "1821లో స్వేచ్ఛగా వచ్చాను" అని రాయించింది.

ప్లీడర్_గుమస్తా
అబద్ధం కాదు చూడండి. 1821లో వచ్చిన మాట నిజం, స్వేచ్ఛగా వచ్చిన మాట నిజం. 1792 గురించి ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత చక్కటి వాంగ్మూలం నేను చూడలేదు.

అర్ధరాత్రి_ఆవకాయ
మా రెజ్యూమెల్లో రెండేళ్ళ గ్యాప్ కప్పిపెట్టే టెక్నిక్ ఇదే.

గోదారిగట్టు_గౌరి
ఆ తర్వాత ఏమైంది ఆవిడ?

పాతకాగితాలు
1855లో, 78 ఏళ్ళకి, సిడ్నీలోని న్యూటౌన్‌లో పోయింది. ఒక మనవడు తర్వాత టాస్మేనియాకి ప్రీమియర్ అయ్యాడు, అంటే ముఖ్యమంత్రి లెక్క. సర్క్యులర్ కీ దగ్గర ఆవిడ పేరుతో సందు ఉంది. సిడ్నీ శివార్లలో చట్టం దృష్టిలో తప్పు చేసిన చిన్నపిల్లల్ని ఉంచే ప్రభుత్వ కేంద్రానికి కూడా ఆవిడ పేరే.

కృష్ణ_బ్రిస్బేన్
ఆ చివరిది పెట్టినవాడు ఆలోచించి పెట్టాడా, ఆలోచించకుండా పెట్టాడా?

సింగపూర్_శాస్త్రి
ఆలస్యంగా వచ్చాను, ఒక్క ముక్క. సూరిబాబుగారు అండమాన్ అన్నారు. అంతకు ముందే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మనవాళ్ళని బెంకూలెన్, పెనాంగ్, సింగపూర్‌లకి ఇలాగే పంపేవారు. ఇక్కడి సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ కట్టింది ఇండియన్ ఖైదీలే. రోజూ ఆఫీసుకి దాని ముందు నుంచే వెళతాను. లోపల తెల్లగా, నున్నగా ఉంటుంది గోడ. కట్టినవాళ్ళల్లో ఎవరి బొమ్మా ఇక్కడి నోటు మీద లేదు.

సూరిబాబు62
శాస్త్రిగారూ, ఈసారి సింగపూర్ వస్తే చూపించండి.

పారమట్టా_పప్పుచారు
అందరికీ థాంక్స్. శుక్రవారం ప్రాజెక్టు ఇచ్చేశాం. కృష్ణగారి మాట ప్రకారం నది ఎవరిదో ఒక పేజీ రాసింది. ఫ్యాక్టరీ గోడ దగ్గరికి తీసుకెళితే ఫోటో తీసి అంటించింది. పప్పు, సూజీ సంగతి క్లాసులో చదివితే టీచర్ నమ్మలేదట, తర్వాత వెతుక్కుని చూసి నమ్మిందట.
నోటు మీద ఎందుకు వేశారన్న ప్రశ్నకి నేను మీరందరూ చెప్పిందంతా చెప్పాను. వాళ్ళమ్మా వింది. అంతా విన్నాక మా అమ్మాయి ఒకటే అడిగింది: "గుర్రాన్ని వాళ్ళవాళ్ళకి తిరిగిచ్చేశారా?"

ప్లీడర్_గుమస్తా
ఇంత పెద్ద థ్రెడ్‌లో ఫిర్యాదుదారు తరఫున మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.